గాలిలో ఉన్న రాయి

అచ్చంగాయల ఆటలో మా అక్కను నేను ఒక్కసారి కూడా గెలవలేదు. అరుగు మీద ఐదు గులకరాళ్ళు పరిచేది. ఒకటి పైకెగరేసి, అది కిందికొచ్చేలోగా నేల మీది రాయిని అందుకుని, పడుతున్నదాన్ని కూడా అదే చేత్తో పట్టేది. మొదట ఒక్కొక్కటి, తర్వాత రెండేసి, ఆ తర్వాత మూడు కలిపి. తెలంగాణలో వీటినే అచ్చనగండ్లు అంటారు. కొన్ని ఊళ్ళలో రాళ్ళకు బదులు గచ్చకాయలతో ఆడతారు. నా వంతు వచ్చేసరికి కంగారులో రాయిని చూరు దాకా విసిరేవాణ్ణి. అది వీధిలో పడేది. అక్క రాయి మాత్రం ఆమె కనుబొమల ఎత్తు దాటేది కాదు.

ఇప్పుడు నా అరుగు మీద ఉన్న రాళ్ళు వేరు. పదేళ్ళుగా వర్ణాల దగ్గరే తచ్చాడుతున్న వయొలిన్ ఒకటి. ఆదివారం పొద్దున్నే చెరువు గట్టుకు వెళ్ళి పిట్టల్ని చూడటం ఇంకొకటి. బెంగళూరు బదిలీ అయినప్పుడు మొదలుపెట్టి, తిరిగి వచ్చేశాక కూడా వదలబుద్ధి కాని కన్నడం. మేడ మీద కుండీల్లో వంగ, బెండ, టమాటా. ఫోన్‌లో చదరంగం. ఉద్యోగం, ట్రాఫిక్, ఇంటి పనులు పోగా ఈ ఐదింటికీ కలిపి వారానికి నా చేతికి చిక్కేది ఎనిమిది గంటలు, అదీ పెళ్ళిళ్ళ సీజను కాకపోతే. ఇంట్లో నాకు ఆరంభశూరుడని పేరు. ఆ బిరుదు మన జాతి మొత్తానికీ ఎప్పుడో ఇచ్చేశారు కాబట్టి నేను పెద్దగా పట్టించుకోను.

కానీ ఒక సలహా మాత్రం గుచ్చుకుంటుంది. "ఒకటి పట్టుకుని మిగతావి వదిలెయ్యరాదూ? రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడు ఏ రేవుకు చేరాడు?" అంటారు. పడవల సంగతి నిజమే. అయితే వ్యాపకాలు పడవల్లాంటివా, అచ్చంగాయల్లాంటివా అన్నది ముందు తేలాలి. పడవలో కాలు పెట్టాక తీయడానికి లేదు. రాయిని ఎగరేసి చెయ్యి ఖాళీ చేసుకోవచ్చు. అది గాలిలో ఉన్నంతసేపూ మన చేతికి దానితో పని లేదు. ఎన్ని రాళ్ళున్నాయన్నది కాదు, ఏ రాయి ఎంతసేపు గాలిలో ఉండగలదన్నదే అసలు లెక్క. ఆ లెక్కను నిజంగానే కాగితం మీద వేసిన మనిషి ఒకరున్నారు.

ఆయన క్లాడ్ షానన్. 1948లో సమాచార సిద్ధాంతాన్ని రాసిన అమెరికన్ గణితవేత్త. ఇవాళ మన ఫోన్‌లో మాట కదిలినా బొమ్మ కదిలినా దాని పునాది ఆ సిద్ధాంతంలో ఉంది. అంత పని చేసిన మనిషికి సరదాలు మాత్రం చిన్నపిల్లాడివి. తను పనిచేసిన బెల్ ల్యాబ్స్ వరండాల్లో ఒంటిచక్రం సైకిలు తొక్కుతూ బంతులు ఎగరేసేవారు. చిట్టడవి లాంటి గళ్ళలో దారి వెతుక్కుని గుర్తుపెట్టుకునే యంత్రపు ఎలుకను చేసి దానికి థీసియస్ అని పేరు పెట్టారు. రౌలెట్ చక్రం మీద బంతి ఎక్కడ ఆగుతుందో ముందే అంచనా కట్టడానికి గణితవేత్త ఎడ్వర్డ్ థార్ప్‌తో కలిసి ఒంటికి తగిలించుకునే చిన్న కంప్యూటర్ తయారుచేశారు. పిల్లల ఆటసామాను ముక్కలు బిగించి బంతులాడే యంత్రాన్ని కూడా నిలబెట్టారు. 1980 ప్రాంతంలో బంతులాట మీద ఒక శాస్త్ర వ్యాసమే రాశారు. అందులో ఒక సూత్రం ఉంది. హైస్కూలు లెక్కల కంటే పెద్దదేమీ కాదు.

ఒక బంతిని గమనించండి. కాసేపు చేతిలో ఉంటుంది, కాసేపు గాలిలో ఉంటుంది. ఆ రెండూ కలిస్తే బంతికి ఒక చుట్టు. ఇప్పుడు చేతిని గమనించండి. కాసేపు బంతిని పట్టుకుంటుంది, కాసేపు ఖాళీగా ఉంటుంది. ఆ రెండూ కలిస్తే చేతికి ఒక చుట్టు. బంతి చుట్టు చేతి చుట్టుకు ఎన్ని రెట్లుంటుందో, బంతుల సంఖ్య చేతుల సంఖ్యకు సరిగ్గా అన్ని రెట్లుంటుంది. షానన్ సూత్రం ఇంతే.

అంకెలు వేసి చూద్దాం. రెండు చేతులు. బంతి చేతిలో ఉండేది 0.4 సెకను, చెయ్యి ఖాళీగా ఉండేది 0.2 సెకను అనుకుందాం. చేతి చుట్టు 0.6. మూడు బంతులాడాలంటే బంతి చుట్టు దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 0.9 సెకను కావాలి. అందులో గాలిలో ఉండాల్సింది అర సెకను. అర సెకను పాటు గాలిలో ఉండాలంటే బంతిని 30 సెంటీమీటర్ల ఎత్తుకు విసిరితే చాలు. అదే వేగంతో అవే చేతులు ఐదు బంతులాడాలంటే? బంతి చుట్టు 1.5 సెకన్లు, గాలిలో 1.1 సెకను. ఎత్తు దాదాపు మీటరున్నరకు చేరుతుంది. బంతులు రెండు పెరిగాయి, ఎత్తు ఐదు రెట్లయింది. గాలిలో ఉండే వ్యవధి ఎత్తుకు వర్గమూలంగా మాత్రమే పెరుగుతుంది కాబట్టి ఇలా. వ్యవధి రెట్టింపు కావాలంటే నాలుగు రెట్ల ఎత్తుకు విసరాలి. పైగా ఎత్తు పెరిగేకొద్దీ, విసిరినప్పుడు మణికట్టు దగ్గర జరిగిన చిన్న తేడా కింద పడేసరికి పెద్దదవుతుంది. నా రాయి వీధిలో పడటానికి కారణం ఇదని నాకు ఇన్నేళ్ళకు తెలిసింది.

ఈ సూత్రాన్ని వారానికి ఎనిమిది గంటల మనిషికి అన్వయిస్తే మూడు దారులు కనిపిస్తాయి. ఒక్కో బంతిని చేతిలో తక్కువసేపు ఉంచుకోవడం, చేతి ఖాళీని పిండెయ్యడం, ఎత్తుగా విసరడం. తీరిక లేనివాళ్ళం మొదటి రెండే చేస్తాం. వయొలిన్ పావుగంట, కన్నడం పది నిమిషాలు, మెట్రోలో నిలబడి చదరంగం, పళ్ళు తోముకుంటూ పాడ్‌కాస్ట్. మూడోది మాత్రం తోచదు. "దీన్ని రెండు నెలల తర్వాత మళ్ళీ పట్టుకుంటాను" అని నిబ్బరంగా పైకి విసరడానికి భయం, తిరిగి వస్తుందో రాదో అని. ఆ భయం ఎంత నిజమో జ్ఞాపకశక్తి మీద జరిగిన పరిశోధనల్లో చూడొచ్చు.

గాలిలో ఉన్న రాయికి ఏమవుతుందో మొదట కొలిచినది జర్మనీకి చెందిన హెర్మన్ ఎబింగ్‌హౌస్. అర్థం లేని అక్షరాల జట్లు తయారుచేసుకుని, తన మీద తనే ప్రయోగం చేసుకుని, 1885లో ఫలితాలు అచ్చువేశారు. ఆయన 'ఎంత గుర్తుంది' అని నేరుగా అడగలేదు. 'మళ్ళీ నేర్చుకునేటప్పుడు ఎంత శ్రమ ఆదా అయింది' అని చూశారు. ఒక రోజు గడిచాక మొదటిసారి పడిన శ్రమలో 34 శాతం ఆదా అయింది. రెండు రోజులకు 28. ఇక్కడి దాకా వింటే గుండె జారుతుంది. కానీ ఆరు రోజులకు 25, 31 రోజులకు 21. మొదటి రోజు కొండచరియలా జారినది ఆ తర్వాత ఎంత మెల్లగా తరుగుతోందో చూడండి. వారం పాటు ముట్టుకోని విషయానికీ నెల పాటు ముట్టుకోని విషయానికీ మధ్య తేడా నాలుగు శాతం. అర్థం లేని అక్షరాలకే ఇలా ఉంటే, అర్థమూ రాగమూ ఉన్నవాటి సంగతి ఇంకా మెరుగ్గానే ఉంటుంది. అందుకే "నెల రోజులు వదిలేశాను, ఇక పోయినట్టే" అనేవాళ్ళను చూస్తే నాకు చిరాకు. పోవాల్సింది మొదటి రోజే పోయింది.

ఇంతకంటే ఆశ్చర్యం కలిగించే ప్రయోగం ఒక కుటుంబం చేసింది. హ్యారీ బారిక్ అనే మనస్తత్వవేత్త, ఆయన ఇంట్లోవాళ్ళు ముగ్గురు, మొత్తం నలుగురు కలిసి విదేశీ భాషల మాటలు ఒక్కొక్కరూ 300 చొప్పున నేర్చుకున్నారు. కొన్ని మాటలను 14 రోజులకోసారి, కొన్నిటిని 28, ఇంకొన్నిటిని 56 రోజులకోసారి తిరగేశారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆగి పరీక్ష పెట్టుకున్నారు. మొత్తం తొమ్మిదేళ్ళ పని అది, 1993లో అచ్చయింది. 56 రోజుల ఎడంతో 13 సార్లు చదివినవీ, 14 రోజుల ఎడంతో 26 సార్లు చదివినవీ దాదాపు సమానంగా గుర్తున్నాయి. సగం సార్లు కూర్చున్నా అదే ఫలం. ఎడం ఎక్కువైనప్పుడు ప్రతిసారీ కొంచెం మరిచిపోయి, కొంచెం తడుముకుని, కష్టపడి అందుకోవాల్సి వస్తుంది. ఆ తడుముకోవడమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది. 2008లో నికొలస్ సెపెడా బృందం 1,350 మందికి పైగా మనుషుల మీద చేసిన పరీక్షలో కూడా ఇదే తీరు. ఏడాది తర్వాత గుర్తుండాలంటే రెండు చదువుల మధ్య దాదాపు మూడు వారాల ఎడం ఉండటం మేలని తేలింది. నా కన్నడానికి నేను పడుతున్న అపరాధ భావం మీద అది చదివినప్పటినుంచీ వడ్డీ కట్టడం మానేశాను.

దీనికి ఒక చేదు పక్క కూడా ఉంది. బ్రిటన్‌లో పిన్‌కోడ్ లాంటి పోస్ట్‌కోడ్‌లు వస్తున్న రోజుల్లో తపాలా ఉద్యోగులకు కీబోర్డు నేర్పాల్సి వచ్చింది. అలన్ బాడ్లీ, లాంగ్‌మన్ అనే పరిశోధకులు కలిసి వాళ్ళను నాలుగు జట్లు చేశారు. రోజుకు ఒక గంట నేర్చుకున్న జట్టుకు కీలన్నీ పట్టుబడటానికి సుమారు 35 గంటలు పట్టింది. రోజుకు రెండేసి గంటలు రెండుసార్లు, అంటే నాలుగు గంటలు కూర్చున్న జట్టుకు దాదాపు 50 గంటలు పట్టింది. గంటల లెక్కలో తక్కువ కూర్చున్నవాళ్ళదే గెలుపు. కానీ అందరికంటే అసంతృప్తిగా ఉన్నది కూడా వాళ్ళే! రోజుల లెక్కలో వెనకబడ్డామని వాళ్ళ బాధ. కొద్దికొద్దిగా, ఎడంగా నేర్చుకునేవాడికి ఎప్పుడూ తను నేర్చుకోవడం లేదనే అనిపిస్తుంది. నాలుగైదు వ్యాపకాలున్న మనిషి దిగులంతా నాకు ఈ తపాలా గదిలో కనిపించింది. చేతికి అందే గంటకు ఫలం బాగానే ఉంటుంది, క్యాలెండర్ మాత్రం వెక్కిరిస్తుంది.

అన్ని రాళ్ళూ ఒకేలా గాలిలో ఉండవు. సైకిలు, ఈత లాంటివి ఆపకుండా సాగే ఒంటి పనులు. ఏళ్ళు గడిచినా పెద్దగా పోవు. 1962లో ఫ్లైష్‌మన్, పార్కర్ అనే పరిశోధకులు విమానం నడిపే పని లాంటి ఒక గురి తప్పని కదలికను నేర్పి, రెండేళ్ళ దాకా ఆపి చూశారు. తగ్గుదల చాలా కొద్ది. అదీ కొన్ని నిమిషాల్లో సర్దుకుంది. వరస తప్పకుండా చేయాల్సిన పనులు దీనికి ఎదురు. ముందిది, తర్వాతది, ఆ తర్వాతది అంటూ మెట్లుగా ఉండేవి. గుండె ఆగినవాళ్ళకు ఛాతీ నొక్కి ప్రాణం పోసే శిక్షణ తీసుకున్నవాళ్ళలో కూడా ఆ నేర్పు కొన్ని నెలల్లోనే తరుగుతుందని తెలుసు కాబట్టే పునశ్చరణ శిక్షణలు పెడతారు. చెయ్యి మరవదు గానీ క్రమం మరుస్తుంది.

కొత్తగా అబ్బినవి కూడా అంతే, త్వరగా జారతాయి. బంతులాట మీదే జరిగిన ఒక ప్రసిద్ధ ప్రయోగం ఉంది. 2004లో జర్మనీలో బొగ్డాన్ డ్రగాన్‌స్కీ, సహచరులు కొంతమందికి మూడు నెలల్లో మూడు బంతులాట నేర్పారు. ముందూ తర్వాతా మెదడు స్కాన్లు తీస్తే, కదిలే వస్తువులను గమనించే ప్రాంతాల్లో బూడిదరంగు పదార్థం పెరిగింది. ఆ తర్వాత మూడు నెలలు ఆట మాన్పించి మళ్ళీ చూస్తే ఆ పెరుగుదల చాలావరకు తగ్గిపోయింది. పెద్దల మెదడు కూడా సాధనతో ఆకారం మార్చుకుంటుందని ప్రపంచం ఆ వార్తను పండగలా చెప్పుకుంది. రెండో సగాన్ని ఎవరూ అంతగా చెప్పుకోలేదు.

కాబట్టి నా ఐదు రాళ్ళకూ ఐదు రకాల ఎత్తులు. పిట్టల్ని గుర్తుపట్టడం నెలల తరబడి ఆగుతుంది. అసలు వలస పిట్టలే చలికాలానికి గానీ రావు కాబట్టి అక్కడ ఎడం ప్రకృతే పెట్టింది. కన్నడం మూడు వారాలు ఆగినా ఇబ్బంది లేదు. వయొలిన్‌లో పాత గీతాలు ఆగుతాయి గానీ మొన్న మొదలుపెట్టిన వర్ణం ఆగదు, నాలుగు రోజులు దాటితే వేళ్ళు మొండికేస్తాయి. వంగమొక్కకు ఏ పరిశోధనా పట్టదు. ఏప్రిల్ ఎండలో ఒక్క రోజు నీళ్ళు పోయకపోతే మర్నాటికి తల వేలాడేస్తుంది. ఇక చదరంగం సమస్య ఎత్తుది కాదు. అది చేతికి అంటుకుపోయే బంతి. పది నిమిషాలని కూర్చుంటే గంటన్నర పోతుంది. షానన్ లెక్కలో చేతి సమయం పెరిగితే మొత్తం బంతుల సంఖ్య పడిపోతుంది కదా, నా మిగతా నాలుగింటినీ కింద పడేసింది అదేనని తేల్చుకోవడానికి నాకు ఇంత చదువు అవసరమైంది. ఇంట్లోవాళ్ళకు ముందే తెలుసు.

ఇక రాయి మార్చేటప్పుడు జరిగే నష్టం సంగతి. 1927లోనే ఆర్థర్ జెర్సిల్డ్ అనే మనస్తత్వవేత్త అంకెల వరసలిచ్చి, ఒకదానికి కూడిక, పక్కదానికి తీసివేత, ఇలా మార్చి మార్చి చేయమన్నారు. ఒకే పనిని వరసగా చేసినప్పటి కంటే ఎక్కువసేపు పట్టింది. 1995లో రోజర్స్, మాన్సెల్ మరింత జాగ్రత్తగా చూశారు. పని మారబోతోందని ముందే తెలిసినా, సిద్ధపడే వ్యవధి ఇచ్చినా ఆ ఆలస్యం తగ్గిందే గానీ మాయం కాలేదు. అవి సెకనులో చిన్న వంతులు. అసలు నష్టం వేరేచోట ఉంది. 2009లో సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు దానికి పేరు పెట్టారు, తెలుగులో ధ్యాస మడ్డి అనుకోవచ్చు. పని సగంలో వదిలి ఇంకో పనికి వెళ్ళినప్పుడు, మొదటి పని తాలూకు ధ్యాస కొంత మనసులో మిగిలిపోతుందని ఆవిడ చూపించారు. గిన్నె కడగకుండానే అందులో ఇంకో కూర వండినట్టు. వయొలిన్ ముందు కూర్చున్నా చదరంగంలో పోయిన మంత్రి గుర్తొస్తుంటే ఆ పావుగంట వయొలిన్‌ది కాదు.

మార్చి మార్చి చేయడం అనగానే మనకు గుర్తొచ్చేది అవధానం. అష్టావధానం చూసి బయటికొచ్చినవాళ్ళు "ఒకేసారి ఎనిమిది పనులు!" అంటారు. నిజానికి అవధాని ఏ క్షణంలోనూ ఎనిమిది పనులు చేయరు. సమస్య ఇచ్చిన పృచ్ఛకుడికి ఒక పాదం చెప్పి ఆపుతారు. దత్తపది వాళ్ళకు ఒక పాదం. వర్ణన అడిగినవాళ్ళకు ఒకటి. నిషిద్ధాక్షరి దగ్గర అక్షరం అక్షరానికీ పృచ్ఛకుడు అడ్డం పడుతుంటే తప్పించుకుంటూ ఒకటి. మధ్యలో అప్రస్తుత ప్రసంగి వంటల గురించో రాజకీయాల గురించో అడిగి దారి తప్పించబోతాడు. నాలుగు ఆవృత్తాలు తిరిగేసరికి పద్యాలు పూర్తవుతాయి, చివర అన్నీ వరసగా ధారణ చేస్తారు. ఒకసారికి ఒక్క రాయే చేతిలో ఉంది, తక్కినవి గాలిలో ఉన్నాయి. అచ్చంగా అచ్చంగాయలే.

మరి ధ్యాస మడ్డి ఎందుకు పేరుకోదు? అవధాని పనిని ఎక్కడ ఆపుతారో చూడండి. మాట మధ్యలో కాదు, పాదం పూర్తయ్యాక. ఆ పాదంలోనే తిరిగి వచ్చే దారి ఉంటుంది. ఉత్పలమాల ఎత్తుకుంటే పాదానికి 20 అక్షరాలని, పదో అక్షరం దగ్గర యతి అని ముందే తెలుసు. మొదటి పాదంలో రెండో అక్షరం రకారం అయితే తక్కిన మూడు పాదాల్లోనూ అక్కడ రకారమే రావాలి, ప్రాస నియమం. అంటే తర్వాతి అడుగు ఎక్కడ వేయాలో ముందటి అడుగే చెబుతుంది. 2018లో లెరాయ్, తెరెసా గ్లాంబ్ కలిసి చేసిన ప్రయోగాల్లో, పని మధ్యలో ఆపేటప్పుడు ఎక్కడున్నానో, తిరిగొచ్చాక మొదట ఏం చేయాలో రెండు ముక్కలు రాసుకున్నవాళ్ళకు ఆ మిగులు ధ్యాస బెడద తగ్గింది. ప్రాస చేసేది కూడా అదే అని నా అనుమానం. నేను ఇప్పుడు వయొలిన్ పెట్టెలో ఒక చీటీ ఉంచుతున్నాను. "చరణం రెండో ఆవర్తనం, గమకం దగ్గర విల్లు తేలిక" అని పెన్సిల్‌తో రాసి మూసేస్తాను. పది రోజుల తర్వాత తెరిచినా ఎక్కడ పట్టుకోవాలో వెతుక్కోనక్కర్లేదు.

అవధానిని చూసి మనం నేర్చుకోకూడనిది కూడా ఒకటుంది. ఛందస్సు నెత్తురులో ఇంకినవారు కాబట్టి పాదాన్ని వదిలి వెళ్ళగలరు. మనస్తత్వవేత్తలు ఆండర్స్ ఎరిక్సన్, వాల్టర్ కించ్ 1995లో చెప్పినది ఇదే. ఆరితేరినవాళ్ళు చేస్తున్న పని స్థితిని తాత్కాలిక జ్ఞాపకంలో మోయరు, దీర్ఘకాలిక జ్ఞాపకంలో కొక్కేనికి తగిలించి వెళతారు. మంచి చదరంగం ఆటగాళ్ళకు పావుల అమరిక చూపించి, మధ్యలో వేరే పని పెట్టినా, తిరిగి అడిగితే దాదాపు చెక్కుచెదరకుండా చెప్పారు. కొత్తవాడికి ఆ కొక్కెం ఉండదు. అందుకే ఏకకాలంలో నాలుగు కొత్త వ్యాపకాలు మొదలుపెట్టేవాడికీ, నాలుగు పాత వ్యాపకాల మధ్య ఒక్క కొత్తది పెట్టుకునేవాడికీ పోలిక లేదు. నన్ను ఆరంభశూరుణ్ణి చేసింది ఆరంభించడం కాదు, జనవరి ఒకటో తారీఖున మూడు కలిపి ఆరంభించడం.

రెండు వ్యాపకాలను ఒకే రాయిగా చేసుకున్నవాళ్ళూ ఉన్నారు. విశాఖపట్నంలో బడి చదువు చదివిన సి.వి. రామన్ 1907 నుంచి పదేళ్ళ పాటు ఆర్థిక శాఖలో లెక్కల అధికారి. కలకత్తాలో ఆఫీసుకు ముందూ, ఆఫీసు తర్వాతా బౌబజార్ వీధిలోని సైన్సు సంస్థలో పరిశోధన. మధ్యలో రంగూన్, నాగపూర్ బదిలీలు. భౌతికశాస్త్రం ఒకపక్క, సంగీతం మీద ఇష్టం ఇంకోపక్క ఉంటే, వయొలిన్ తీగలు ఎలా కంపిస్తాయో, మృదంగంలో శ్రుతి ఎలా పుడుతుందో పరిశోధించి రెండింటినీ ఒకే గంటలో ఇమిడ్చారు. మనబోటివాళ్ళకు అంత అక్కర్లేదు. పిట్టల పేర్లు కన్నడంలో రాసుకోవడం మొదలుపెట్టాను, అది చాలు.

సూత్రంలో ఒక అంకెను ఇంతవరకూ తాకలేదు. చేతుల సంఖ్య. జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. 2019లో ఆ అంకెలు 299, 97. ఐదేళ్ళలో ఆడవాళ్ళకు పది నిమిషాలు తగ్గాయి, మగవాళ్ళకు తొమ్మిది తగ్గాయి. ఇద్దరి మధ్య తేడా 202 నిమిషాల నుంచి 201కి దిగింది. ఒక్క నిమిషం! తీరిక గురించి రాసే మగవాళ్ళందరూ, నాతో సహా, ఈ ఒక్క నిమిషాన్ని బల్ల మీద పెట్టుకుని రాయాలి. నాకు వారానికి ఎనిమిది గంటలు మిగలడానికి ఇంకెవరి చెయ్యో నిండుగా ఉంది.

ఖాళీ చేతి గురించి ఇంకొక్క మాట. సూత్రం ప్రకారం ఖాళీ సున్నా అయితే ఎక్కువ బంతులు ఆడవచ్చు. కాగితం మీద అది నిజం. ఆడేవాళ్ళు మాత్రం అలా ఆడరు, ఒక బంతి కాస్త పక్కకు పడితే సర్దుకునే వ్యవధి ఆ ఖాళీలోనే ఉంది. అమెరికాలో 35,000 మందికి పైగా మనుషుల వివరాలు పరిశీలించి మారిస్సా షరీఫ్, సహచరులు 2021లో ప్రచురించిన అధ్యయనంలో, రోజువారీ తీరిక రెండు గంటల దాకా పెరిగేకొద్దీ సంతృప్తి పెరిగింది. ఆ తర్వాత పెరగలేదు. ఐదు గంటలు దాటితే తగ్గడం మొదలైంది. మనకు లేనిది ఆ రెండు గంటలే. కానీ ఉన్న ఆ గంటను పిండి మరో వ్యాపకాన్ని ఇరికిస్తే, ఒక్క జ్వరానికి, ఒక్క చుట్టపు రాకకు అన్నీ కింద పడతాయి. చదరంగాన్ని ఫోన్ నుంచి తీసేశాక నాకు మిగిలిన గంటలను దేనికీ ఇవ్వలేదు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఈ బంతుల లెక్కంతా అక్కకు చెప్పాను. బూరెల పిండి కలుపుతూ విన్నది.

"అంతా బానే ఉందిరా. ఆ ఖాళీ చెయ్యి ఎవరిదీ?" అంది.

సమాధానం చెప్పకుండా వెళ్ళి ముంగిట్లోంచి ఐదు గులకరాళ్ళు ఏరుకొచ్చాను. బూరెలు నేను చూస్తానని చెప్పి ఆమెను అరుగు మీద కూర్చోబెట్టాను. నలభై ఏళ్ళయింది ఆమె రాళ్ళు పట్టి. మొదటి రాయి జారింది. రెండోసారి ఎగరేసింది, కనుబొమల ఎత్తు వరకే వెళ్ళింది. ఒక్కొక్కటీ తీసింది, రెండేసి తీసింది, మూడు కలిపి తీసింది. ఏదీ కింద పడలేదు. ఆమె మనవరాలు నోరు తెరుచుకుని చూస్తోంది.

"తర్వాత ఏంటి అమ్మమ్మా?"

అక్క రాయి చేతిలో పట్టుకుని ఆగింది. నా వైపు చూసింది. మూడు తీశాక ఏం చేసేవాళ్ళమో ఇద్దరికీ గుర్తురాలేదు. లోపల బూరెలు మాడుతున్న వాసన వచ్చింది.